తొక్కల తూకంలో తరుగు

మార్చి 4, బుధవారం

కొట్టులో మేకుకు వేలాడే రిజిస్టర్‌ను ఎవరైనా తిరగేయవచ్చు. అందులో రాయలేని సంగతి ఒకటి వచ్చింది కాబట్టి ఈ నోటుబుక్కు మొదలుపెడుతున్నాను. ఇది నా బీరువాలో తాళం కింద ఉంటుంది.

సంగతి ఇది. తొక్కలు తగ్గుతున్నాయి.

మా మేడ కింద నా మనవడి పళ్ళరసాల కొట్టు. పొద్దున పళ్ళు తూచేది నేను, మధ్యాహ్నం రెండింటికి తొక్కలు తూచేదీ నేనే. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు తనిఖీలు చేసినదాన్ని, చెయ్యి ఊరుకోదు. మనం కొనే రకం పుచ్చకాయ పది కిలోలకు మూడున్నర కిలోల తొక్క రావాలి. మూడు వారాలుగా రావడం లేదు. పుచ్చకాయ, దానిమ్మ కలిపి రోజుకు సగటున ఆరు వందల నలభై గ్రాముల తరుగు. అనాసలో తరుగు లేదు. నారింజలో లేదు. అంటే దొంగ ఏరుకుని మరీ తీస్తున్నాడు.

పాలలో, నూనెలో, బంగారంలో దొంగతూకాలు పట్టుకున్నాను. తొక్కలు దొంగిలించినవాణ్ణి సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

మనవడి భార్య అటక మీది పెద్ద సూట్‌కేసు దింపించుకుంది. వాళ్ళక్క ఉండే ఊళ్ళో బట్టలు కుట్టే కంపెనీలో పని దొరికిందట. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలట. ఇది తొక్కలకు సంబంధించిన విషయం కాదు. ఊరికే రాశాను.

మార్చి 5, గురువారం

తరుగు 610 గ్రా. కాటాను ప్రామాణిక రాళ్ళతో పరీక్షించాను. కాటాలో తప్పు లేదు.

మార్చి 7, శనివారం

రోజూ తొక్కల బుట్ట తీసుకెళ్ళే మేకలాయన్ని కొట్టు ముందే నిలదీశాను.

"ఏమయ్యా, రెండింటికి రమ్మంటే ఒంటిగంటకే వచ్చి బుట్టలో చెయ్యి పెడుతున్నావా?"

"ఉన్నదంతా నాకే ఇస్తారు కదమ్మా. నాది నేనే దొంగిలించుకుంటానా?"

"మరి తరుగు ఎక్కడికి పోతోంది?"

"నా మేకలు కాటా వేసుకుని తినవమ్మా. మీ ఇంట్లోనే ఇంకో మేక ఉన్నట్టుంది, చూసుకోండి."

రసం తాగుతున్న నలుగురూ నవ్వారు. మనవడు నవ్వలేదు. మిక్సీ వేశాడు. జార్‌లో పళ్ళు వేయకుండానే వేశాడు.

మార్చి 8, ఆదివారం

మనవడి భార్య ముందుగదిలో కుట్టుమిషను దగ్గర ఉంది. వీధిలో సగంమంది బట్టలు ఆమే కుడుతుంది. వెళ్ళి అడిగాను.

"అమ్మాయ్, దానిమ్మ తొక్క పొడి రాస్తే మొహం నిగనిగలాడుతుందంటారు. నువ్వేమైనా తీస్తున్నావా?"

కాలు ఆపింది. "మొహానికి ఎవరి కోసం రాసుకోవాలి నానమ్మగారూ?"

"అడిగినదానికి చెప్పు."

"నేను తియ్యలేదు. తీసేవాళ్ళు ఏ మొహం కోసం తీస్తున్నారో వాళ్ళనే అడగండి."

మళ్ళీ మిషను తొక్కింది. కుట్టు వంకర పోయింది. ఈ నాలుగేళ్ళలో ఆమె కుట్టు వంకర పోగా చూడటం ఇదే మొదలు.

ఈ కాలం పిల్లలకు నోరెక్కువ. వీళ్ళిద్దరూ రెండు గదుల్లో పడుకుంటున్నారని నాకు తెలుసు. ఆ పడకగదికి గాలి రాదు. అంతే.

మార్చి 10, మంగళవారం

మోకాళ్ళ వల్ల డాబా ఎక్కి ఏడాదైంది. ఈ రోజు ఎక్కాను. ఇరవై రెండు మెట్లు.

నీళ్ళ ట్యాంకు వెనక, పాత దోమతెర కింద, పుచ్చకాయ తొక్కలోని తెల్లభాగం సన్నగా తరిగి ఎండబెట్టి ఉంది. పక్కన దానిమ్మ తొక్కలు, ఉల్లిపొట్టు. ఒక జల్లెడ. కొట్లో పనికిరాదని తీసేసిన పాత మిక్సీ. మూడు సీసాలు, వాటి మీద మనవడి గుండ్రటి రాతలో: పు. దా. ఉ. సీసాల కింద ఒక పత్రిక కత్తిరింపు, ఒక చిన్న పుస్తకం.

కత్తిరింపు చదివాను. మనం పారేసే పళ్ళ తొక్కలు, గింజలు, పొట్టు నుంచి తీసిన పదార్థాలు రక్తం బాగా పారేలా చేస్తాయనీ, మగవాళ్ళకు దాంపత్యంలో వచ్చే బలహీనతకు మందు కావచ్చనీ పరిశోధనలు జరుగుతున్నాయట. చివర చిన్న అక్షరాల్లో, ఇప్పటివరకు చాలా పరీక్షలు ఎలుకల మీదే జరిగాయని ఉంది. చిన్న అక్షరాలు చదవడం నా వృత్తి. వాడిది కాదు.

పుస్తకంలో మూడు గడులు. తేదీ, చెంచాలు, ఫలితం.

లేదు.
లేదు.
లేదు.
కొంచెం?
లేదు.
లేదు.

ఇలా ఇరవై మూడు రోజులు. "కొంచెం" ఒక్కసారే, దాని పక్కన ప్రశ్నగుర్తు. ఎవరూ చూడని పుస్తకంలో కూడా వాడు ఆ ప్రశ్నగుర్తు తీసేయలేదు. వందల దొంగలెక్కలు చూశాను. ఇంత నిజాయితీ లెక్క చూడలేదు.

ఉన్నవి ఉన్నట్టే పెట్టి దిగాను. రిజిస్టర్‌లో తరుగు గడి ఎదుట "ఎండకు ఆవిరి" అని రాశాను. తెలిసి రాసిన తప్పుడు పద్దు నా జీవితంలో ఇదే మొదటిది.

మార్చి 11, బుధవారం

మావారి సంగతి ఇక్కడ రాయను. ఇది తొక్కల పుస్తకం.

మార్చి 13, శుక్రవారం

రెండు రోజులు ఓర్చుకున్నాను. వాడు చేస్తున్న పనిని ఓర్చుకోగలను, పద్ధతిని ఓర్చుకోలేను. చెంచా ఒక కొలతా? గుట్టగా తీస్తే ఒకటి, చదునుగా తీస్తే అందులో సగం. సీసాల మీద తేదీ లేదు. ఉల్లిపొట్టులో మట్టి. పొద్దున నా చిన్న కాటా, రాళ్ళ పెట్టె తీసుకెళ్ళి సీసాల పక్కన పెట్టి వచ్చాను. నోరు విప్పడం కంటే అది తేలిక.

పదకొండింటికి, కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు అడిగాడు.

"నానమ్మా, డాబా మీద కాటా ఎవరు పెట్టారు?"

"చెంచా కొలత కాదురా."

తల ఎత్తలేదు. తరిగిన పుచ్చకాయనే మళ్ళీ తరుగుతున్నాడు.

"అంతా చదివావా?"

"చదివాను. అది ఎలుకల సంగతి."

"ఎలుకలకి పనిచేసింది కదా."

"ఎలుకల పెళ్ళాలు సూట్‌కేసులు సర్దుకోవు."

నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే కత్తి కింద పెట్టి మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తల్లి పోయినప్పుడు వాడికి ఏడేళ్ళు. నేను తెచ్చుకుని పెంచాను. అప్పుడూ ఇలాగే, మోచేత్తోనే.

"డాక్టర్‌కి చూపించుకో నాన్నా."

"ఏ డాక్టర్‌కి? ఈ చుట్టుపక్కల ఉన్న ముగ్గురూ మన కొట్లోనే తాగుతారు. పొద్దున్నే వచ్చి నలుగురిలో 'ఏంరా, ఎలా ఉంది ఇప్పుడు?' అంటే నేనేం చెప్పను?"

"అమ్మాయికి చెప్పావా?"

"ఒకసారి చెప్పబోయా. 'నేను నచ్చట్లేదు నీకు, అంతేగా' అంది. అవునంటే అబద్ధం. కాదంటే, మరెందుకని అడుగుతుంది. ఊరుకున్నా." తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వూ చెప్పకు. నా మీద ఒట్టు వెయ్యి."

వేశాను. నోటితో.

మార్చి 14, శనివారం

పు 5 గ్రా., దా 2 గ్రా. ఉల్లిపొట్టు రద్దు చేశాను. ఫలితం గడి చూడవద్దన్నాడు. సరే.

మార్చి 16, సోమవారం

పు 5, దా 2. చూడలేదు.

మార్చి 17, మంగళవారం

చూశాను. లేదు.

మార్చి 18, బుధవారం

తొక్కలకు సంబంధించింది ఒకటి, సంబంధం లేదనుకున్నది ఒకటి, రెండూ ఈ రోజు ఒకేచోట కలిశాయి.

అమ్మాయి మనవడి ప్యాంట్లు ముందేసుకుని నడుము దగ్గర విప్పుతోంది. ఊరెళ్ళే ముందు అన్నీ సరిచేసి పెట్టి పోతుందట.

"మళ్ళీ లోపలికి పట్టాల్సి వచ్చింది నానమ్మగారూ. చూడండి." తన కొలతల పుస్తకం తీసింది. పోయిన ఏడాది మొదట్లో ముప్పై నాలుగు అంగుళాలు. పోయిన వర్షాకాలం ముప్పై రెండున్నర. ఇప్పుడు ముప్పై ఒకటి. "రోజంతా రసం తాగే మనిషి ఇలా చిక్కిపోతాడా ఎక్కడైనా? పోనీ నేను వెళ్ళిపోతున్నానని బెంగ అనుకుందామా అంటే నా వైపే చూడడు. చూసేదల్లా ఆ నీళ్ళ బాటిలు వైపు."

రోజంతా రసం తాగే మనిషి.

కిందికి వెళ్ళి రిజిస్టర్ తెచ్చుకుని గది తలుపు వేసుకున్నాను.

ఆరేళ్ళ క్రితం కొట్టు తెరిచిన రోజు నేను ఒక నియమం పెట్టాను. ఒక్క చుక్క మోరీలో పోయకూడదు. మిగిలినది ఇంటివాళ్ళు తాగాలి. నాకు పళ్ళరసం పడదు. అమ్మాయికి పళ్ళు జివ్వుమంటాయి. ఇక ఇంటివాళ్ళంటే వాడే. రిజిస్టర్‌లో "మిగులు" అని ఒక గడి, అందులో గ్లాసుల సంఖ్య, పక్కన "తాగాడు" అని నా టిక్కు. గ్లాసుకు రెండు చెంచాల పంచదార కూడా పడుతుంది. ఒక్క ఫిబ్రవరిలోనే నూట ముప్పై ఒక్క గ్లాసులు. గ్లాసుకు మూడు వందల మిల్లీలీటర్లు. ముప్పై తొమ్మిది లీటర్ల మూడు వందలు. ఆరేళ్ళదీ కూడటం మొదలుపెట్టి రెండో ఏడాదిలో ఆపేశాను.

ఒకరోజు కడుపు నిండి వద్దన్నాడు. "పారబోసే చేతికి దక్కదు" అన్నాను. తాగాడు. టిక్కు పెట్టాను.

దాహం. చిక్కిపోవడం. ఇంకొకటి, వాడు ఏ లోటుకు తొక్కల్లో మందు వెతుక్కుంటున్నాడో అది. చదువుకున్నదాన్ని. ఈ మూడూ ఒక వరసలో పెడితే దాని పేరు ఏమిటో ఏడో తరగతి పిల్ల చెబుతుంది. నేను ఒక్కొక్కదాన్ని వేరువేరుగా తూచాను.

మావారి సంగతి రాస్తాను. ఆయనకు నలభై నాలుగో ఏట మొదలైంది. ఆ రోజుల్లో చెంబు తరువాత చెంబు నీళ్ళు తాగేవారు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు పొడుచుకునేవారు. నేను ఒకరోజు ఒక మాట అన్నాను. "చేతకాని మనిషి" అన్నాను. అన్నది ఒక్కసారే. తరువాత ఎనిమిదేళ్ళు ఆయన నా గది గుమ్మం దాటలేదు. యాభై రెండో ఏట గుండె ఆగి పోయారు. ఎవరూ పరీక్ష చేయించలేదు. మంచి మనిషి, మితభాషి అని అందరూ అన్నారు. ఆయన మితభాషి కాదు. ఆ మాటకు ముందు ఇల్లు ఎగిరిపోయేలా నవ్వేవారు.

వేల రాళ్ళు సరిచూశాను. ఆ ఒక్కటి తూచకుండా విసిరాను.

మార్చి 19, గురువారం

వాడికి చెప్పాను. చెబితే సరిపోతుందనుకున్నాను.

"షుగరు ముసలాళ్ళకి వస్తుంది నానమ్మా. నాకు ముప్పై నాలుగు."

"మీ తాతకి నలభై నాలుగు."

"తాతకి షుగరని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనంటున్నది అదే."

గ్లాసులు కడుగుతూ అన్నాడు: "ఒకటో తారీఖు దాటనీ. తను వెళ్ళిపోయాక చూపించుకుంటా. అప్పుడైతే ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు."

వాడు ఆమెను ఆపే ఆశ వదిలేశాడు. వెళ్ళిపోతే కాస్త తెరిపిన పడవచ్చని లెక్క వేసుకుంటున్నాడు. ఆ లెక్క నాకు తెలుసు. మావారు ఎనిమిదేళ్ళు వేసింది అదే.

మార్చి 20, శుక్రవారం

ఒకటో తారీఖుకు ఇంకా పన్నెండు రోజులు. ఒట్టు ఒట్టే.

మార్చి 21, శనివారం

ఒట్టు నోటితో వేశాను. రిజిస్టర్‌కు నోరు లేదు. ఇది తప్పించుకునే వాదన అని తెలుసు. ఇలాంటి వాదనలు చేసిన వ్యాపారుల మీద నేనే కేసులు రాశాను.

పదిన్నరకు కుట్టుమిషను మీద రెండు పుస్తకాలు పక్కపక్కన తెరిచి పెట్టాను. ఒకటి నాది, ఫిబ్రవరి పేజీ. ఒకటి అమ్మాయిది, వాడి కొలతల పేజీ. ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

ఆమె వచ్చి చూసింది. గడుల మీద వేలు పెట్టి కిందికి దించుకుంటూ పోయింది. కొలతలు చదవడం తెలిసిన పిల్ల.

"రోజుకి నాలుగైదు గ్లాసులా? పంచదారతోనా?"

"అవును. నియమం నాది."

"దాహం... నడుము..." వేలు ఆగింది. "షుగరా నానమ్మగారూ?"

"పరీక్ష చేయిస్తే తెలుస్తుంది."

"షుగరుంటే మనిషికి ఇంకేమైనా..." అని ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నేను ఒట్టు వేశాను" అన్నాను.

"అంటే ఉంది."

"నేను ఏమీ అనలేదు."

చాలాసేపు కత్తెర మూసి తెరిచి, మూసి తెరిచి కూర్చుంది. తరువాత, "డాబా మీద సీసాలు కూడా దానికేనా?" అంది.

"నీకెలా తెలుసు?"

"రోజూ బట్టలు ఆరేసేది ఎవరు మరి? పొడులు చూశా. ఎవత్తె మొహానికో చేస్తున్నాడనుకున్నా. నెలరోజులుగా ఈ వీధి ఆడవాళ్ళందరి మొహాలూ చూసుకుంటూ తిరుగుతున్నా నానమ్మగారూ, ఎవరిది నిగనిగలాడుతోందా అని. కొలతలు తీసుకునేటప్పుడు కూడా మొహమే చూశా. ఇద్దరి జాకెట్లు బిగుతైపోయాయి."

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. తరువాత ఇద్దరికీ రాలేదు.

"సీసాల కింద కాగితం ఉంది, చూడలేదా?"

"ఎత్తి చూస్తే నిజమైపోతుందేమోనని ఎత్తలేదు."

"వెళ్ళి ఎత్తు. నేను చెప్పలేదు."

ఆ ఇరవై రెండు మెట్లూ రెండేసి చొప్పున ఎక్కినట్టు వినిపించింది. దిగడం మాత్రం ఒక్కొక్కటే దిగింది. చేతిలో వాడి చిన్న పుస్తకం ఉంది. నా ముందు నుంచే వెళ్ళింది, నన్ను చూడలేదు. కొట్టులోకి వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. వినడానికి మెట్ల దాకా వెళ్ళాను, అయినా వినిపించలేదు.

పదకొండూ నలభైకి షట్టర్ దింపిన చప్పుడు. శనివారం, మంచి బేరం ఉన్న వేళ. ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. రిజిస్టర్‌లో కారణం గడి ఖాళీగా వదిలాను.

మార్చి 22, ఆదివారం

నాతో మాట్లాడటం లేదు వాడు. న్యాయమే.

మార్చి 23, సోమవారం

పొద్దున ఏమీ తినకుండా ఇద్దరూ వెళ్ళారు. రెండు బస్సులు మారారట, మన రసం ఎన్నడూ తాగని డాక్టరమ్మ కోసం. పరగడుపున రెండు వందల అరవై రెండు. తిన్నాక మూడు వందల తొంభై.

అంకెలు వాడు చెప్పలేదు. కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. మిగతాది అమ్మాయి చెప్పింది. చాలామంది మగవాళ్ళలో ఈ జబ్బు ముందుగా తట్టే తలుపు అదేనట. షుగరు అదుపులోకి వస్తే అదీ చాలావరకు బాగుపడే వీలుందట, దానికి వేరే మందులూ ఉన్నాయట. తొందర పడకూడదట, సిగ్గు అసలే పడకూడదట.

"తొక్కల సంగతి అడిగారా?"

"ఆయనే అడిగారు. ఆవిడ నవ్వలేదు నానమ్మగారూ. పరిశోధన జరుగుతున్న మాట నిజమేనంది. ఎప్పుడో మందు కావచ్చు, కానీ ఎవరికి ఎంత అన్నది ఇంకా తేలలేదంది. 'తొక్క సంగతి తరవాత చూద్దాం, ముందు లోపలిది మానెయ్యి' అంది."

ఇంకొకటి కూడా చెప్పింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరమ్మ అడిగితే, వాడు "మా తాతకి" అన్నాడట. ఆవిడ రాసుకుందట.

ఇన్నేళ్ళకు ఆయన సంగతి సరైన గడిలో పడింది.

మార్చి 25, బుధవారం

నీళ్ళ గ్లాసు కోసం వెళుతూ ముందుగది గుమ్మం దగ్గర ఆగాను. వాడు మిషను పక్కన చేతులు కొంచెం ఎత్తి నిలబడి ఉన్నాడు. ఆమె టేపు వాడి నడుము చుట్టూ తిప్పి ముందుకు తెచ్చి పట్టుకుంది. కొలత చూడాలంటే టేపు మీదికి వంగాలి. వంగలేదు. టేపు వదలలేదు కూడా. వాడు మెల్లగా చేతులు దించాడు, ఆమె భుజాల మీదికి.

ముప్పై ఒకటేనా, తగ్గిందా అని అడగాలనిపించింది. నీళ్ళు తాగకుండానే వెనక్కి వచ్చాను.

సాయంత్రం వాడు నా గది గుమ్మం దాకా వచ్చి, "నానమ్మా, ఒట్టు తప్పావు" అన్నాడు.

"తప్పాను."

"ఊఁ" అన్నాడు. లోపలికి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు.

ఇక జరగవలసినవి:

1. మిగిలిన రసం రేపటి నుంచి మోరీలోకి. నా చేత్తో నేనే పోయాలి.

2. రిజిస్టర్‌లో "మిగులు" గడి కొట్టివేసి, పక్కన "నియమం తప్పు" అని రాసి సంతకం పెట్టాలి.

3. పదో తేదీ నాటి "ఎండకు ఆవిరి" సరిదిద్దాలి. "ఇంటి వాడకం" అంటే అబద్ధం కాదు.

4. మేకలాయనకు క్షమాపణ చెప్పాలి. కొట్టు ముందు, నలుగురూ ఉండగానే. నింద వేసింది అలాగే కదా. సీసాల్లోని పొడి కూడా ఆయనకే ఇచ్చేయాలి. మేకల్లో ఏదైనా ఫలితం కనిపిస్తే నాకు చెప్పవద్దనాలి.

5. మాత్రలు పొద్దున ఎనిమిదింటికి. ఆ లెక్క అమ్మాయిది. నేను వేలు పెట్టకూడదు.

6. ఏప్రిల్ 13న మళ్ళీ పరీక్ష.

7. డాబా ఎక్కకూడదు. ఫలితం గడి ఇక నాది కాదు.

8. ఒకటో తారీఖు ప్రయాణం గురించి అడగకూడదు. సూట్‌కేసు ఇంకా గోడ పక్కనే ఉంది. దాని మీద ఇవాళ ఇస్త్రీ బట్టలు దొంతరగా పెట్టి ఉన్నాయి, ఇద్దరివీ కలిపి. అడగకూడదు.

9. మావారి ఫోటో ముందు నిలబడి ఒక మాట అనాలి. ఈసారి తూచి.